ఫలఘృతం ఎవరు తాగాలి?

మా ఇంట్లో ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె వెనకాల, ఒక గాజు సీసా ఉంది. అందులో గడ్డకట్టిన నెయ్యి. పసుపూ కాదు, ఆకుపచ్చా కాదు, రెంటికీ మధ్య రంగు. సీసాకి అంటించిన కాగితం మీద నీలం ఇంకుతో మూడు మాటలున్నాయి: ఫలఘృతం, స్త్రీలకు, పరగడుపున. ఈ వ్యాసం ఆ మధ్య మాట గురించి.

నంద్యాలలో ఒక కాలేజీలో తెలుగు చెప్తాను. ముప్పయ్యారేళ్లు. పెళ్లయి తొమ్మిదేళ్లు. పిల్లల్లేరు. ఈ నాలుగు వాక్యాల్లో చివరిదాన్ని మాత్రమే నాకు పరిచయంగా వాడేవాళ్లు మా బంధువుల్లో చాలామంది ఉన్నారు. నా పిహెచ్‌డి ప్రబంధాల్లో గర్భిణీ వర్ణనల మీద. చెక్కిళ్లు తెల్లబారడం, నడుము నిండడం, మట్టి తినాలనిపించడం, చెలికత్తెలు గుసగుసలాడడం - కవి మారినా ఈ వరస పెద్దగా మారదు. ఆ వర్ణనల్లో గర్భం ఎప్పుడూ చూసేవాడి కంటికి కనబడేదే గానీ మోసేదానికి అనుభవమయ్యేది కాదని ఒక అధ్యాయం రాశాను. వైవాలో ఒక పెద్దాయన, "నీకెంతమంది పిల్లలమ్మా?" అని అడిగారు. అది నా సిద్ధాంతవ్యాసం మీద వేసిన ప్రశ్నో కాదో నాకిప్పటికీ తెలియదు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో గంట ప్రయాణం. దోవ పొడుగునా కేసీ కాలువ నీళ్లు పారే చోట వరి, పారని చోట పత్తి, జొన్న, తూర్పున నల్లమల. మా అత్తగారి ఊరు ఆళ్లగడ్డే. మూడేళ్ల కిందట అత్త నన్ను అక్కడి ఒక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. వీధి మొదట్లో రాతి విగ్రహాలు చెక్కే పాకలు, ఉలి దెబ్బలు లోపలి గదిదాకా వినబడుతున్నాయి. వైద్యుడికి డెబ్భై దాటి ఉంటాయి. నా నాడి చూశారు, నాలుక చూశారు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ మా అత్తని అడిగారు.

"నెలనెలా సక్రమంగా వచ్చాందా?"

"వచ్చాంది సామీ. ఒగొగసారి నాలుగు దినాలు ఎనకాముందు అయితాంది."

"కడుపులో నొప్పి?"

అత్త నా వైపు తిరిగి చూసింది. నాకు నోరు తెరిచే అవకాశం అప్పుడొచ్చింది. మా ఆయన కూడా మాతో వచ్చాడు. వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

నిజం చెప్పాలంటే ఆ అరగంట నాకు నచ్చింది. నంద్యాలలో స్కాన్ తీసిన చోట కడుపు మీద జెల్ రాసి, తుడుచుకోమని కాగితం ఇచ్చి పంపారు. నా ముఖం ఎవరూ చూడలేదు. ఇక్కడ నాకు నిద్ర ఎలా పడుతుందో, దేనికి కోపం వస్తుందో, ఆకలి ఏ వేళకి వేస్తుందో అడిగారు, మా అత్తనైనా సరే. ఆడవాళ్లు నాటువైద్యం దగ్గరికి ఎందుకు పరుగెడతారంటే అజ్ఞానం అని ఒక్క మాటలో తేల్చే మిత్రులు ఈ అరగంట విలువ కూడా లెక్కలో వేసుకోవాలి. ఐవీఎఫ్ ఒక్క విడతకి లక్ష రూపాయలు దాటే రోజుల్లో, ఆ లక్ష పెట్టినా ఫలితం చెప్పలేమనే చోట, ఐదారు వందలకి నెయ్యీ, వినే చెవీ దొరికితే ఎవరు కాదంటారు?

పథ్యం చెప్పారు. పులుపు, ఊరగాయలు, గొడ్డుకారం మానాలి. పగలు పడుకోకూడదు. మనసులో దిగులు పెట్టుకోకూడదు. మొదటివి సులభంగానే మానేశాను.

ఏ పాఠాన్నైనా మూలం చూడకుండా నమ్మొద్దని నేర్పిన చదువు నాది. నెయ్యి తాగుతూనే మూలం వెతికాను. సీసాలో ఉన్నది వాగ్భటుడి అష్టాంగహృదయంలో, ఉత్తరస్థానం 34వ అధ్యాయంలో, ఫలసర్పి పేరుతో ఉంది. మంజిష్ఠ, చెంగల్వకోష్టు, త్రిఫల, వస, పసుపు, ఇంగువ, పెన్నేరుగడ్డ, పిల్లిపీచర - ఇట్లా సాగుతుంది జాబితా. స్త్రీ పుష్పవతి అయిన వేళ తాగితే ఫలమిస్తుంది కాబట్టి దానికా పేరు. తర్వాతి కాలపు భైషజ్యరత్నావళికి వచ్చేసరికి వంటకం ఇంకా ముదిరింది. నెయ్యి ఒకే రంగున్న ఆవుది కావాలి, ఆ ఆవు దూడ బతికి ఉండాలి, పొయ్యి అడవి పిడకలతో మండాలి. కవిత్వం చదువుకున్నవాళ్లకి ఈ పద్ధతి కొత్త కాదు. పోలిక పట్టుకుని ఒకచోటి గుణాన్ని ఇంకోచోటికి చేర్చడం. దూడ బతికిన ఆవు నెయ్యి తాగినదాని కడుపున బిడ్డ బతుకుతుంది. నా సీసాలోని నెయ్యి ఏ ఆవుదో, దాని దూడ ఏమైందో నేను అడగలేదు. ప్యాకెట్ నెయ్యి అని జవాబొస్తే భరించలేనని కాబోలు.

నన్ను ఆపినది ఆవు కాదు. వాగ్భటుడు ఆ నేతిని యోనిదోషాలకూ, శుక్రదోషాలకూ రెండింటికీ చెప్పాడు. భైషజ్యరత్నావళి పాఠంలోనైతే దాని ఫలితాలు చెప్పేటప్పుడు మొదట తాగేవాడు మగవాడే. అతను తాగి, శక్తి పొంది, కొడుకుల్ని కంటాడు. గర్భం నిలవని స్త్రీ ఆ తర్వాత వస్తుంది. మళ్లీ మళ్లీ చదివాను. సీసా మీద కాగితంలో అతను లేడు.

అక్కడితో ఆగకుండా వెనక్కి వెళ్లాను. సుశ్రుతసంహిత శారీరస్థానం రెండో అధ్యాయం పేరే శుక్రశోణితశుద్ధి. మొదలయ్యేది శుక్రదోషాలతో, ఆర్తవం తర్వాత. చరకసంహిత చికిత్సాస్థానం 30వ అధ్యాయాన్ని అందరూ 20 యోనివ్యాపత్తుల అధ్యాయంగానే చెప్తారు. ఆ అధ్యాయంలోనే శుక్రానికి ఎనిమిది దోషాలు, మగవాడి నపుంసకత్వంలో నాలుగు రకాలు, వాటికి చికిత్సలు ఉన్నాయి. రెండు శరీరాల్ని ఒకే అధ్యాయంలో పెట్టిన పుస్తకం నుంచి ఒక శరీరాన్ని మాత్రమే ఏరుకుని గదిలోకి పిలిచి, రెండోదాన్ని వరండాలో కూర్చోబెట్టింది ఎవరు? పాత పుస్తకంలో పితృస్వామ్యాన్ని పట్టుకోవడం మనకి అలవాటే. ఈసారి పుస్తకం కంటే దాన్ని వాడే పద్ధతి ఎక్కువ పితృస్వామికంగా తేలింది.

అంతమాత్రాన ఆ పుస్తకాలకి దండం పెట్టమని నేననను. చరకుడు చెప్పిన 20 వ్యాపత్తుల్లో షండీ అనేది ఒకటి. దాని లక్షణాల్లో స్తనాలు లేకపోవడంతోపాటు మగవాళ్లని ద్వేషించడం కూడా ఉంది, చికిత్స లేదు. మన పత్రికల్లో రాసే సగం మందికి ఆ రోగం అంటగట్టవచ్చు. కాశ్యపసంహిత రేవతీకల్పంలో జాతహారిణి అనే శక్తి గర్భాల్నీ పసిపిల్లల్నీ ఎత్తుకుపోతుంది. ఎవరివి? ధర్మం తప్పినవాళ్లవి, నడవడి సరిగా లేనివాళ్లవి. బిడ్డ పోవడం అక్కడ తల్లి చేసిన తప్పుకి పడిన శిక్ష. ఇక సుశ్రుతుడే గర్భం నిలిచాక కొడుకు కావాలనుకునేదాని కుడి ముక్కులో లక్ష్మణమూలం లాంటి మందుల చుక్కలు వేయమన్నాడు. వంధ్యాత్వ చికిత్సకీ పుంసవనానికీ మధ్య గోడ పలచన. ఫలఘృతం ఇచ్చే ఫలం కూడా ఆ పాఠాల్లో కొడుకే.

పిల్లల్లేని మగవాణ్ని కూడా చరకుడు వదల్లేదు. వాజీకరణాధ్యాయంలో అతన్ని నీడలేని, కాయని ఒంటికొమ్మ చెట్టుతో, బొమ్మలో గీసిన దీపంతో, ఎండిన చెరువుతో పోల్చాడు. తిట్టు ఇద్దరికీ ఉంది. కానీ తిట్టిన వెంటనే అతనికి పాలు, నెయ్యి, మినుములు, మాంసరసం, సుగంధాలు, పాటలు, ఇష్టమైన స్త్రీ. వాజీకరణానికి ముందు అతనికీ శుద్ధి చెప్పారు, కాదనను. అధ్యాయం నిండా పరుచుకున్నది మాత్రం విందు. ఆమె అధ్యాయం నిండా తైలాలు, వస్తులు, యోనిలో పెట్టే వర్తులు, కడిగే కషాయాలు. ఆ రెండు అధ్యాయాలనీ పక్కపక్కన పెట్టి చదవమని ఎంఏ పిల్లలకి చెప్పాలని ఉంది. సిలబస్‌లో లేదు.

హారీతసంహిత వంధ్యల్ని ఆరు రకాలుగా లెక్కపెట్టింది. ఒక్క కాన్పుతో ఆగిపోయినదాన్ని కాకవంధ్య అంది. ఈ మాటని గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను. సంస్కృతంలో ఇన్ని రకాలున్న చోట తెలుగులో మనకి ఒకే మాట: గొడ్రాలు. గొడ్డు అంటే పశువూ, చూడి కట్టని పశువూ, కాయని చెట్టూ. మా సీమలో సంగటిలోకి నంజుకునే గొడ్డుకారంలో ఆ మాటకి ఇంకో అర్థముంది. చింతపండూ, వెల్లుల్లీ, నూనే ఏదీ కలపని వట్టి కారం. ఏమీ చేరనిది గొడ్డు. ఇదే అర్థంలో మగవాడికి ఒక మాట చెప్పమని క్లాసులో అడిగాను. పిల్లలు నపుంసకుడు అన్నారు, కొజ్జా అని వెనక బెంచీ నుంచి గొణిగారు. రెండూ వేరే సంగతులు. సంభోగశక్తి ఉండీ బీజశక్తి లేకపోవడం అనేదానికి వాడుక తెలుగులో పేరే లేదు. పేరు లేని రోగానికి రోగి ఎక్కణ్నించి వస్తాడు?

ఈ తికమక చట్టంలోకి కూడా పాకింది. మందులు, మంత్రచికిత్సల అభ్యంతరకర ప్రకటనల మీద 1954లో చేసిన చట్టానికి ఒక షెడ్యూలుంది. ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని అందులో జబ్బుల పేర్లిచ్చారు. స్త్రీల వంధ్యాత్వం ఉంది. మగవాళ్ల విషయానికి వచ్చేసరికి సంభోగ అశక్తత ఉంది, వంధ్యాత్వం లేదు. వెనక బెంచీ పిల్లలు ఎక్కణ్నించి నేర్చుకున్నారో అర్థమైంది. చట్టం వద్దన్నా నంద్యాల గోడల మీద సంతానప్రాప్తి ప్రకటనలకి కొదవ లేదనుకోండి.

సుశ్రుతుడి పోలిక ఒకటి నాకు చాలా ఇష్టం. గర్భానికి నాలుగు కావాలంటాడు: ఋతువు, క్షేత్రం, నీరు, బీజం. మొలకకి ఏం కావాలో గర్భానికీ అవే. స్త్రీని పొలం చేయడం మీద మనం చాలా రాశాం, నేనూ రాశాను. ఆ పోలికని కొట్టిపారేయకుండా, దాని మాట మీద దాన్ని నిలబెడితే ఏమవుతుందో చూద్దాం. నంద్యాల పత్తి విత్తనాల ఊరు. విత్తిన పది దినాలకి మొలక రాకపోతే ఇక్కడి రైతు మొదట ఏం చేస్తాడు? నేలని తిట్టడు. గింజలు అమ్మిన అంగడి ముందు పోయి కూర్చుంటాడు. నకిలీ విత్తనం అంటాడు, నష్టపరిహారం అడుగుతాడు, రోడ్డు మీద ధర్నా చేస్తాడు. పొలంలో ఇంత బుద్ధిగా పనిచేసే తర్కం ఇంటి గడప దాటేసరికి తలకిందులవుతుంది. కథలో రాస్తే అతికినట్టుండదు గానీ, మా ఆయన ఉద్యోగం ఒక విత్తనాల కంపెనీలో మొలకశాతం చూడడం. తడి కాగితంలో గింజలు లెక్కపెట్టి చుట్టి, రోజులు గడిచాక విప్పి, మొలిచినవెన్ని, చచ్చినవెన్ని అని రిజిస్టరులో రాస్తాడు. గింజని అనుమానించడం ఆయన వృత్తి.

సాహిత్యం చదివేవాళ్లం కదా, ఈ సీసాకీ మనకీ సంబంధమేమిటని అడిగేవాళ్లు ఒక్కసారి గృహలక్ష్మిని తలుచుకోవాలి. 1928లో మద్రాసు నుంచి మొదలైన ఆ స్త్రీల పత్రికని నడిపింది ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ కె.ఎన్. కేసరి. ఆయన కేసరి కుటీరం తయారుచేసిన మందుల్లో పేరుమోసింది లోధ్ర, స్త్రీల వ్యాధులకి. లొద్దుగచెక్క పేరు మీద వచ్చిన మందు. కనుపర్తి వరలక్ష్మమ్మ గారి చేతికి తొలి గృహలక్ష్మి స్వర్ణకంకణం తొడిగిన పత్రిక వెనక, మన ముందుతరం రచయిత్రుల అచ్చుకి దొరికిన కాగితం వెనక, గర్భాశయానికి అమ్మిన టానిక్కు డబ్బులున్నాయి. దీన్ని ఎగతాళిగా చెప్పడం లేదు. ఆ పత్రిక లేకపోతే ఎన్ని గొంతులు అచ్చు దాకా వచ్చేవి కావో. కానీ చదివే స్త్రీ, జబ్బుపడ్డ గర్భాశయం - ఈ రెంటినీ ఒకే అట్టల మధ్య ఉంచిన చరిత్ర మనది. ఆ గర్భాశయం పక్కన మొగుడి బొమ్మ వేసిన ప్రకటన నేను చూసిన పాత సంచికల్లో ఒక్కటీ కనబడలేదు.

మరి మనం ఏం రాశాం? 1993లో నీలిమేఘాలు వచ్చింది. కొండేపూడి నిర్మల లేబర్ రూం, పాటిబండ్ల రజని అబార్షన్ స్టేట్‌మెంట్ చదివి నా తరం ఆడపిల్లలు తమ కడుపు గురించి తాము మాట్లాడవచ్చునని నేర్చుకున్నారు. అంతకు కాస్త ముందు సవాలక్ష సందేహాలు అన్న పుస్తకం డాక్టరు చెప్పని సంగతులు మనకి తెలుగులో చెప్పింది. కనడంలోని హింస రాశాం, కనకుండా ఉండే హక్కు రాశాం. కనాలనుకుని కనలేనిదాని సంగతి? నేను చదివినంతలో ఆమె మన కథల్లోకి వచ్చినప్పుడల్లా చివరి పేజీలో కళ్లు తుడుచుకుని, ఒక అనాథని దత్తత తీసుకునో, మాతృత్వం ఒక భ్రమ అని గ్రహించో తేలిపోతుంది. కథకి చక్కని ముగింపు. ఆమెకి కాదు. నేను ఆళ్లగడ్డ బస్సెక్కే ఆదివారాలు స్త్రీవాద మిత్రులకి ఫోన్లో అబద్ధం చెప్పేదాన్ని, అత్తకి బాగాలేదని. పిల్లలు వద్దనుకున్నామని చెప్పి ఉంటే మెచ్చుకునేవాళ్లు. కావాలి, రావడం లేదు, నెయ్యి తాగుతున్నాను అంటే ఏమనేవాళ్లో తెలియక చెప్పలేదు. వాళ్ల తప్పు కాదు. ఈ కోరికలో ఎంత నాది, ఎంత అత్తది, ఎంత బారసాల ఫోటోలు పంపే చెల్లెళ్లది అని విడదీసే తూకం నా దగ్గర కూడా లేదు. విడదీశాకే మాట్లాడాలంటే ఎవరూ మాట్లాడలేరు.

ప్రబంధాలు చదివినదాన్ని కాబట్టి నాకు ఒక ఊరట దొరికింది, అదీ నంద్యాల పేరుతో. 16వ శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకి అంకితమిచ్చాడు. కళాపూర్ణుడి పుట్టుక పాఠం చెప్పేటప్పుడు ఏటా క్లాసులో నవ్వులే. తండ్రి పేరు సుముఖాసత్తి, తల్లి పేరు మణిస్తంభుడు. ఆడది మగవాడై, మగవాడు ఆడదై, వాళ్లకి బిడ్డ పుట్టాడు. ఇది సరస్వతీ బ్రహ్మల సరసం నుంచి పుట్టిన చమత్కారం అని విమర్శకులు విప్పి చెప్పారు, నిజమే. కానీ ఫలఘృతం తాగి కాలేజీకి వెళ్లిన ఒక ఉదయం ఆ భాగం చెప్తూ నేను ఆగిపోయాను. మా ఊరి రాజు సభకి చేరిన కావ్యంలో, పొలం ఎవరు, గింజ ఎవరు అన్న లెక్కని ఒక కవి ఇంత తేలికగా తారుమారు చేశాడు. సూరన స్త్రీవాది కాడు. ఆ లెక్క స్థిరమైనదని మాత్రం అతను నమ్మినట్టు లేదు. నా సిద్ధాంతవ్యాసంలో ఈ భాగానికి ఒక్క పేజీ ఇచ్చాను, అదీ శాపాల పట్టికలో.

వైద్యం సంగతి కూడా కాస్త చెప్పాలి, లేకపోతే ఇదంతా మాటల ఆట అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పినదాని ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు 17.5 శాతం మందికి, అంటే ఆరుగురిలో ఒకరికి, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య ఎదురవుతుంది. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల కారణంలో మగవాడి పాలుంటుంది, ఒంటరిగానో, భార్యతో కలిసో. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడం వెనక ఎన్నోసార్లు క్షయ ఉంటుంది. దాన్ని నెయ్యితో కరిగించలేం, నెలలు గడిచేకొద్దీ నష్టం పెరుగుతుంది. మూసుకున్న ట్యూబులకి ఉత్తరవస్తి పనిచేస్తుందని ఆయుర్వేద కళాశాలల నుంచి వచ్చిన అధ్యయనాలు కొన్ని చదివాను. కొద్దిమంది రోగులు, పక్కన పోల్చిచూసే గుంపు లేదు. పనికిరాదని అనడానికీ, పనికొస్తుందని అనడానికీ అవి చాలవు. భస్మాలు కలిసిన మందులైతే వేరే భయం. 2011-12లో న్యూయార్కు నగరంలో భారతదేశపు ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం హెచ్చుగా ఉన్నట్టు అక్కడి ఆరోగ్యశాఖవాళ్లు గుర్తించారు. కడుపులో బిడ్డ కోసం తిన్నది బిడ్డకే విషం. 2015లో పుత్రజీవక బీజం అనే మందు పేరు మీద రాజ్యసభలో గొడవ జరిగింది. అది చెట్టు పేరే గానీ కొడుకుని ఇస్తామని కాదని కంపెనీవాళ్లన్నారు. ఆ చెట్టు పేరు తెలుగులో కుదురుజువ్వి. ఆ పేరుతో అమ్మి ఉంటే ఎన్ని పొట్లాలు పోయేవో తెలుసుకోవాలని నాకు కుతూహలం.

నాలుగోసారి ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు అత్త రాలేదు, మోకాళ్ల నొప్పులు. నేనొక్కదాన్నే. వైద్యుణ్ని అడిగాను.

"అయ్యా, ఈ నెయ్యి మగవాళ్లకీ చెప్పారు కదా పుస్తకాల్లో. చరకంలో అదే అధ్యాయంలో శుక్రదోషాలున్నాయి. మా ఆయన్ని మీరెందుకు చూడలేదు?"

ఆయనకి కోపం రాలేదు. కళ్లజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నారు.

"సదువుకున్నదానివి, సదివినావు. మేమూ సదివినాం తల్లీ. ఆయప్పను లోపలికి పిల్చి ఈ మాట అడిగినాననుకో, మళ్లా ఈ గడప తొక్కడు. నిన్ను గూడా రానీడు. నిన్ను అడిగితే నువ్వు మళ్లా వచ్చావు. వచ్చే మనిషికే గదా వైద్యం జేసేది?"

దీన్ని మోసం అనడం సులువు. ఆ మాట నా మనసులో చాలా రోజులు తిరిగింది. ఆయన గదిని నడిపేది వచ్చే మనుషులు, అంటే ఆడవాళ్లు. రానివాడి రోగాన్ని కూడా వచ్చినదాని ఒంట్లోనే వెతకాలి, లేకపోతే గది మూసుకోవాలి. నేను విమర్శ రాసే విశ్వవిద్యాలయం కూడా ఇంతకంటే భిన్నంగా ఏం నడుస్తోంది?

మా ఆయన పరీక్షకి ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. పోట్లాట ఏం లేదు. వాయిదా. ఈ విత్తనాల సీజన్ పోనీ, సంక్రాంతి పోనీ, అహోబిలం పారువేట స్వామి మనూరికి వచ్చి పోనీ. ఆయన చెడ్డవాడు కాడు, రాత్రిళ్లు నా పాదాలు ఒత్తుతాడు. నాకు నాలుగు స్కాన్లు, ఒక ఎక్స్‌రే, ఒక కీహోల్ పరీక్ష అయ్యాక ఆయన ఒక చిన్న డబ్బాలో నమూనా ఇచ్చాడు. వీటన్నిట్లో చవకైనదీ, నొప్పి లేనిదీ అదే. రిపోర్టులో కణాల సంఖ్య చాలా తక్కువ అని వచ్చింది. కాగితం ఆయన చేతిలో ఉంది, ఆయన దాన్ని రిజిస్టరు చదివినట్టు పైనుంచి కిందికి చదివాడు. ఇంట్లో చెప్పొద్దు అన్నాడు. నెల రోజులు చెప్పలేదు. ఆ నెల రోజులూ నేను పరగడుపున నెయ్యి తాగాను. తాగడం ఆపితే అత్త ఎందుకని అడుగుతుందని.

చివరికి నేనే చెప్పాను, ఆళ్లగడ్డ ఇంట్లో, వంకాయలు కోస్తున్న అత్తతో. ఆమెకి ఒక్కడే కొడుకు. చాలాసేపు మాట్లాడలేదు. కోసిన ముక్కల్ని ఉప్పునీళ్లలో వేసింది.

"వాడు పుట్టినాక మళ్లా నిలవల్యా నాకు," అంది. "ఒంటికాన్పుది అని పేరు పెట్టినారు. పేరంటానికి పిల్చినా పసుపు ఆఖర్న నాకు పూసేటోళ్లు. ఆ వైద్యుడి నాయన దగ్గరికే తోల్కపోయినారు నన్ను. మూడేండ్లు తాగినా ఈ నెయ్యి."

"మామ?"

"మీ మామ ఆ అరుగు మీదనే కూచునే, మనోడు కూచున్న తావే. ఆ కాలానికి పేపర్ల్యాకపాయె. బీడీ తాగుతా కూచునే."

సీసా ఏం చేయమంటావని అడిగాను.

"తాగితే ఇద్దరూ తాగండి. ల్యాకుంటే యాల తాగాల? పారబోయొద్దు, నెయ్యి. దీపానికి పనికొచ్చాది."

ఇది జరిగి రెండు నెలలు. ఆయన కర్నూలులో డాక్టరుకి చూపించుకుంటున్నాడు, ఒక్కడే వెళ్లి వస్తాడు. సీసా ఇంకా పెరుగు గిన్నె వెనకాలే ఉంది.